గడువుకు ముందే తీర్చే అప్పు: షరీఅత్ చరిత్రలోనూ, మోటారు కారు వాయిదాలలోనూ

అప్పు తీసుకొన్నవాడు గడువులోగా తీర్చకపోతే ఏమగును? ఈ ప్రశ్నపై ధర్మశాస్త్రాలలోనూ, న్యాయస్థానాలలోనూ విస్తారమైన చర్చ జరిగింది. దీనికి ఎదురుగా మరొక ప్రశ్న ఉన్నది. గడువు రాకముందే అప్పు తీర్చదలచినవానికి ఏమి దక్కాలి? అతడు విడిచిపెట్టిన కాలానికి వెల ఉన్నదా? ఉంటే అది ఎవరి సొత్తు? ఈ రెండవ ప్రశ్న సాధారణంగా మరుగునపడుతూ ఉంటుంది. కాని నేడు వాయిదాలపై కారు కొన్న ప్రతి కుటుంబమూ, చేతిలో నాలుగు డబ్బులు అదనంగా చేరిన రోజున, ఈ ప్రశ్నను ఎదుర్కొంటుంది. ఇస్లామీయ ధర్మవేత్తలు ఈ విషయమై హిజ్రీ మొదటి శతాబ్దం నుండి ఆలోచించారు. ఆ ఆలోచనాక్రమాన్నీ, ఆధునిక వాయిదాల పద్ధతి చరిత్రనూ పక్కపక్కన ఉంచి పరిశీలించుట ఈ వ్యాస ఉద్దేశం.

అజ్ఞానకాలపు రిబా

ఇస్లామ్‌కు పూర్వం అరేబియాలో ప్రబలంగా ఉండిన రిబా స్వరూపాన్ని తాబయీన్‌లలో ఒకరైన జైద్ బిన్ అస్లమ్ వివరించారు. ఇమామ్ మాలిక్ తమ మువత్తాలో దానిని పొందుపరచారు. గడువు వచ్చిన దినాన రుణదాత వచ్చి, తీర్చెదవా, పెంచెదవా అని అడిగేవాడు. తీర్చగలిగితే తీసుకొనేవాడు. లేకుంటే బాకీ మొత్తాన్ని పెంచి గడువును పొడిగించేవాడు. అనగా కాలం ఒక సరుకుగా అమ్ముడుపోయేది, దానికి వెల రుణగ్రస్తుని నిస్సహాయతయే. రెట్టింపులుగా పెరిగే ఈ రిబాను పవిత్ర ఖురాను మూడవ సూరాలోని 130వ ఆయతు నిషేధించింది. రెండవ సూరా అల్‌బఖరాలోని 275 నుండి 281 వరకుగల ఆయతులు ఆ నిషేధాన్ని సంపూర్ణం చేశాయి. వాటిలోనే 280వ ఆయతు, రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇమ్మని, మన్నించి విడిచిపెట్టుట మరింత శ్రేష్ఠమని బోధిస్తుంది. హిజ్రీ 10వ సంవత్సరంలో (క్రీ.శ. 632) తుది హజ్ సందర్భాన చేసిన ప్రసంగంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) అజ్ఞానకాలపు వడ్డీ బాకీలన్నింటినీ రద్దుపరచారు. మొట్టమొదట రద్దు చేసినది తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)కి రావలసిన వడ్డీనే.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించదగినది. గడువు పెంచినందుకు బాకీ పెంచుట రిబా. మరి గడువు తగ్గించినందుకు బాకీ తగ్గించుట ఏమి? ఒకటి రెండవదానికి అద్దంలోని ప్రతిబింబమా, లేక పూర్తిగా వ్యతిరేకమా? తరువాతి వాదవివాదమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

మదీనాలోని సంఘటనలు

మొదటిది, సహీహ్ బుఖారీలో నమోదైనది. కఅబ్ బిన్ మాలిక్ (రజి), ఇబ్ను అబీ హద్రద్ (రజి) అనే ఇద్దరు సహచరులు ఒక బాకీ విషయమై మస్జిదులో వాదులాడుకొన్నారు. వారి స్వరాలు పెరిగి ప్రవక్త (స) గృహంలోకి వినవచ్చాయి. ఆయన తెర తొలగించి వెలుపలికి వచ్చి, సగం విడిచిపెట్టమని కఅబ్‌కు సైగ చేశారు. కఅబ్ వెంటనే ఒప్పుకొన్నారు. అప్పుడు ప్రవక్త (స) రెండవవానివైపు తిరిగి, లేచి మిగిలినది చెల్లించమన్నారు. ఇందులో రుణదాత తన ఇష్టపూర్వకంగా విడిచిపెట్టుట ఉన్నది, రుణగ్రస్తుడు జాప్యం చేయకుండా చెల్లించుట ఉన్నది. ముందుగా పెట్టుకొన్న షరతు మాత్రం లేదు.

రెండవది, హిజ్రీ 4వ సంవత్సరంలో బనూ నజీర్ తెగవారు మదీనా విడిచి వెళ్ళవలసివచ్చినప్పటి ఉల్లేఖనం. ప్రజల వద్ద తమకు గడువురాని బాకీలు ఉన్నాయని వారు చెప్పగా, కొంత తగ్గించి తొందరగా తీసుకొనండని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ద్వారా చెప్పబడింది. ఈ ఉల్లేఖన పరంపరలో బలహీనత ఉన్నదని పలువురు హదీసు పండితులు అన్నారు. కనుక ఇది ఒక పక్షానికి ఆధారమైనను వివాదాన్ని ముగించలేకపోయింది.

మూడవది మువత్తాలోనిది. అబూ సాలిహ్ ఉబైద్ అనే వస్త్రవర్తకుడు దారె నఖ్లా వారికి అరువుపై వస్త్రం అమ్మాడు. తరువాత అతడు కూఫాకు ప్రయాణం కాదలచాడు. వెలలో కొంత తగ్గిస్తే ఇప్పుడే నగదు ఇచ్చివేస్తామని కొనుగోలుదారులు అన్నారు. అతడు వెళ్ళి హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను అడిగాడు. దానిని తినమని గాని, ఇతరులకు తినిపించమని గాని తాను చెప్పజాలనని ఆయన సమాధానమిచ్చారు. హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) కూడా ఇటువంటి బేరాన్ని అసహ్యించుకొని వారించినట్లు అదే గ్రంథం తెలుపుతుంది.

నాలుగవ సంఘటన మరింత ఆసక్తికరం. స్వేచ్ఛ కొరకు వాయిదాలపై ధనం చెల్లించుటకు యజమానితో ఒడంబడిక చేసుకొన్న బానిసను ముకాతబ్ అంటారు. ఫురాఫిసా బిన్ ఉమైర్ అనువాని ముకాతబ్ ఒకడు, వాయిదాలన్నీ రాకముందే మొత్తం ధనం తెచ్చి ఎదుట పెట్టాడు. యజమాని తీసుకొనుటకు నిరాకరించాడు. అప్పుడు మదీనా పాలకుడుగా ఉండిన మర్వాన్ బిన్ హకమ్ వద్దకు ఆ ముకాతబ్ వెళ్ళాడు. మర్వాన్ ఆ ధనాన్ని బైతుల్‌మాల్‌లో ఉంచమని ఆజ్ఞాపించి, నీవు స్వతంత్రుడవు, వెళ్ళమన్నాడు. అది చూచి ఫురాఫిసా ధనం స్వీకరించాడు. ముకాతబ్ ముందుగా చెల్లిస్తే యజమాని కాదనరాదని ఇమామ్ మాలిక్ స్పష్టపరచారు. ఇక్కడ వెల తగ్గింపు ప్రసక్తి లేదు. కాని గడువు అనేది చెల్లించేవాని మేలుకొరకు ఏర్పడినదనీ, దానిని వదలుకొనే హక్కు అతనికి ఉన్నదనీ ఈ తీర్పు చాటుతుంది.

ఇమాముల అభిప్రాయభేదం

తగ్గించు, తొందరగా పుచ్చుకో అనే ఈ బేరానికి ఫిఖ్హ్ గ్రంథాలలో 'జఅ వ తఅజ్జల్' అని పేరు. నాలుగు మజ్‌హబులలోనూ అధికసంఖ్యాకులైన ధర్మవేత్తలు దీనిని షరతుగా పెట్టుకొనుటను నిషేధించారు. ఇమామ్ మాలిక్ (మరణం హి. 179, క్రీ.శ. 795) వాదన సరళమైనది. గడువు పొడిగించి బాకీ పెంచుట ఎట్టిదో, గడువు కుదించి బాకీ తగ్గించుట అట్టిదే. రెండింటిలోనూ కాలానికి వెల కట్టబడుతున్నది. ముకాతబ్ విషయంలో మాత్రం పలువురు ఈ నిషేధాన్ని సడలించారు.

మరొక పక్షాన హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి), ఇబ్రాహీమ్ నఖయీ, హనఫీలలో ఇమామ్ జుఫర్ ఉన్నారు. ఇమామ్ అహ్మద్ నుండి కూడా ఇటువంటి ఒక అభిప్రాయం వచ్చింది. తరువాతి కాలంలో ఇబ్ను తైమియా (మరణం క్రీ.శ. 1328), ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం క్రీ.శ. 1350) దీనిని సమర్థించారు. ఇబ్నుల్ ఖయ్యిమ్ వాదన ప్రకారం ఇది రిబాకు ప్రతిబింబం కాదు, విరుద్ధం. రిబాలో రుణగ్రస్తుని భారం పెరుగుతుంది, ఇందులో తరుగుతుంది. అక్కడ ఒకనికే లాభం, ఇక్కడ ఇరువురికీ లాభం. రూపంలో సామ్యమున్నంత మాత్రాన ఫలితంలో సామ్యముండదు.

ఈ చర్చలో మరొక విషయం మరువరాదు. షరతు లేకుండా రుణగ్రస్తుడు తన ఔదార్యంతో ఎక్కువ ఇచ్చుట ప్రశంసనీయం. ప్రవక్త (స) ఒక పిన్నవయసు ఒంటెను అప్పు తీసుకొని, తిరిగి ఇచ్చునప్పుడు అంతకన్న మేలైనదానిని ఇచ్చినట్లు సహీహ్ ముస్లిమ్‌లో ఉన్నది. కనుక ఇస్లామీయ దృష్టిలో 'అదనపు చెల్లింపు' అనే మాటకు రెండు అర్థాలు ఏర్పడ్డాయి. బలవంతాన పుచ్చుకొంటే రిబా. మనసారా ఇస్తే సదాచారం.

పది నెలల ఉదాహరణ

కరజ్, అనగా వట్టి చేబదులు విషయంలో చిక్కులేదు. వంద తీసుకొన్నవాడు వంద తీర్చాలి. ముందుగా ఇచ్చిన ప్రతి నాణెమూ అసలునే తగ్గిస్తుంది, మిగిల్చుకొనుటకు వడ్డీయే లేదు. చిక్కు అరువు అమ్మకంలో వచ్చింది. నగదుకు పదికి దొరికే సరుకును పది నెలల అరువుపై ఇరవైకి అమ్మితే, ఆ ఇరవై మొత్తమూ మొదటి దినం నుండే బాకీ అవుతుంది. కొన్నవాడు ఐదు నెలలకే తీర్చివేస్తే? లేదా మరణించి బాకీ వెంటనే ఆస్తిపై పడితే?

అర్వాచీన హనఫీ పండితులు దీనికి ఇచ్చిన జవాబును డమాస్కస్ విద్వాంసుడు ఇబ్ను ఆబిదీన్ (మరణం క్రీ.శ. 1836) వివరించారు. గడిచిన దినాలకు తగిన లాభం మాత్రమే తీసుకొని మిగిలినది విడిచిపెట్టాలి. పై ఉదాహరణలో లాభం పది. గడిచినది సగం కాలం. కనుక ఐదు తీసుకొని ఐదు వదలాలి. ఉస్మానీ సామ్రాజ్యపు షైఖుల్ ఇస్లామ్ అబుస్సఊద్ (మరణం క్రీ.శ. 1574) ఇదేవిధంగా ఫత్వా ఇచ్చారు. ఇరుపక్షాలకూ సౌమ్యత కలిగించుటయే ఇందుకు కారణమని చెప్పబడింది. వాయిదాల ఒడంబడిక మధ్యలో ముగిసినప్పుడు లాభాన్ని కాలక్రమాన పంచవలెననే సూత్రం ఇంత స్పష్టంగా అప్పటికే రూపొందియుండుట గమనార్హం.

మోటారు కారు వాయిదాల పుట్టుక

అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1919లో వాయిదాలపై కార్లు అమ్ముటకు ప్రత్యేక రుణసంస్థను నెలకొల్పింది. అరువు అమ్మకాలంటే గిట్టని హెన్రీ ఫోర్డ్, 1923లో వారంవారం సొమ్ము కూడబెట్టి కారు కొనే పథకాన్ని ప్రవేశపెట్టాడు. కాని ప్రజలు ముందు కారు, పిదప సొమ్ము అనే పద్ధతినే కోరారు. 1928లో ఫోర్డ్ కంపెనీ కూడా రుణసంస్థను స్థాపించవలసివచ్చింది.

అప్పుడు పాత ప్రశ్న మళ్ళీ తలయెత్తింది. మొత్తం వడ్డీని ముందే లెక్కకట్టి పత్రంలో వ్రాసినప్పుడు, గడువుకు ముందే తీర్చినవానికి ఎంత తిరిగి ఇవ్వాలి? 1935లో ఇండియానా రాష్ట్రం '78 సూత్రం' అనే పద్ధతిని చట్టబద్ధం చేసింది. ఒకటి నుండి పన్నెండు వరకు అంకెలు కలిపితే 78 వస్తుంది. పన్నెండు నెలల అప్పుపై మొత్తం వడ్డీ 7,800 అనుకొంటే, మొదటి నెలకు 1,200, రెండవ నెలకు 1,100, ఇట్లా తగ్గుతూ చివరి నెలకు 100 చొప్పున జమకడతారు. ఆరు నెలలకు తీర్చినవాని నుండి 5,700 వసూలవుతుంది, 2,100 మాత్రమే తిరిగివస్తుంది. ఇబ్ను ఆబిదీన్ చెప్పిన లెక్కనుబట్టి అయితే చెరి సగం, అనగా 3,900 విడిచిపెట్టవలసి ఉంటుంది.

ఈ పోలికలో న్యాయం పాటించాలి. నెలనెలా వాయిదాలు చెల్లిస్తున్నప్పుడు మొదటి నెలలలో బాకీ ఎక్కువగా ఉంటుంది కనుక, నిల్వ బాకీపై కట్టే వడ్డీ కూడా ఆ నెలలలోనే ఎక్కువ. అయినను 78 సూత్రం అంతకన్న కొంత ఎక్కువే రుణదాతవైపు మొగ్గుతుంది. వడ్డీరేటు, గడువు పెరిగినకొద్దీ ఆ వ్యత్యాసం కూడా పెరుగుతుంది. ఈ కారణంచేత 61 నెలలకు మించిన వినియోగదారుల అప్పులకు ఈ సూత్రాన్ని వాడరాదని అమెరికా కేంద్రచట్టం 1992లో నిషేధించింది. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణచట్టం ముందుగా తీర్చే హక్కును, తగ్గింపును ఇచ్చింది. అక్కడ కూడా 78 సూత్రం కొంతకాలం నడిచి, 2004లో చేసిన నిబంధనలతో తొలగిపోయింది.

అసలు, వడ్డీల లెక్క

నేడు వాడుకలో ఉన్న పద్ధతిలో వడ్డీని నెలనెలా మిగిలియున్న అసలుపై కడతారు. ఐదు లక్షల రూపాయలు, ఏడాదికి నూటికి 12 చొప్పున, 60 నెలల గడువుకు తీసుకొంటే నెలకు సుమారు 11,122 రూపాయల వాయిదా పడుతుంది. మొదటి వాయిదాలో 5,000 వడ్డీకి, 6,122 అసలుకు పోతాయి. ఐదేళ్ళలో మొత్తం వడ్డీ సుమారు 1,67,300 రూపాయలు.

పన్నెండవ వాయిదా కట్టిన పిదప నిల్వ సుమారు 4,22,350 ఉంటుంది. ఆనాడు 50,000 అదనంగా అసలుకు చెల్లించి, నెలవాయిదాను మార్చకుండా కడుతూపోతే, మిగిలిన 48 వాయిదాలు 41 అవుతాయి. సుమారు 28,200 రూపాయల వడ్డీ తప్పుతుంది. అదే 50,000 నలభై ఎనిమిదవ వాయిదా తరువాత కడితే తప్పే వడ్డీ సుమారు 5,200 మాత్రమే. సొమ్ము ఒకటే, తేడా అంతా అది అడ్డుకొన్న కాలంలో ఉన్నది. నూటికి పన్నెండు ఏకమొత్తపు వడ్డీ, అనగా తరిగే అసలును లెక్కచేయకుండా ఐదు లక్షలపైనే ఐదేళ్ళకూ కట్టే వడ్డీ అయితే, మొత్తం మూడు లక్షలు అవుతుంది. అట్టి పత్రంలో తగ్గింపు షరతు లేకపోతే ముందుగా కట్టినను భారం తగ్గదు. రేటు అంకె ఒకటే అయినను అప్పు ఒకటి కాదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. అదనంగా ఇచ్చిన సొమ్మును అసలుకు జమకట్టమని స్పష్టంగా తెలియజేయకపోతే, దానిని రాబోయే వాయిదాల ముందస్తు చెల్లింపుగా వ్రాసుకొనే అవకాశమున్నది.

తెలుగునాట ఇదే ప్రశ్న

ప్రామిసరీ నోటు వెనుక చెల్లు వ్రాయించుట తెలుగు గ్రామాలలో అందరికీ తెలిసినదే. ఆ చెల్లు అసలుకా, వడ్డీకా అనే తగవు మన న్యాయస్థానాలకు కొత్తది కాదు. అప్పారావు జమీందారీ కుటుంబీకుల వ్యాజ్యంలో 1921లో ప్రీవీ కౌన్సిల్ సాధారణ నియమాన్ని చెప్పింది. ఇరుపక్షాలూ ప్రత్యేకంగా నిర్ణయించనిచో, ఇచ్చిన సొమ్ము ముందు వడ్డీకి, అది తీరిన పిదపనే అసలుకు చెందుతుంది. ఈ నియమం క్రింద ఏళ్ళతరబడి చెల్లించినను అసలు కదలని రైతులు ఎందరో ఉండిరి.

దీనికి ప్రతిక్రియగా, కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండిన కాలంలో, రాజగోపాలాచారి మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టాన్ని తెచ్చింది. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ రద్దయింది. వడ్డీ రూపేణా గాని, అసలు రూపేణా గాని, అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించిన రైతు అప్పు పూర్తిగా తీరినట్లు భావించబడింది. వడ్డీ అసలును మించరాదనే దామ్‌దుపట్ నియమం హిందూ ధర్మశాస్త్రంలో పూర్వం నుండి ఉన్నది. వేర్వేరు ధర్మాలవారు వేర్వేరు దారులలో వచ్చినను, బాకీకి ఎక్కడో ఒక హద్దు ఉండవలెననే భావన వద్ద కలుసుకొన్నారు.

వాహనాల విషయానికి వస్తే, భారత పార్లమెంటు 1972లో అద్దె కొనుగోలు చట్టం చేసినను అది అమలులోకి రాకుండానే 2005లో రద్దయింది. 2014లో రిజర్వు బ్యాంకు, వ్యక్తులు తీసుకొన్న మారే వడ్డీరేటు అప్పులపై ముందుగా తీర్చినందుకు జరిమానా వేయరాదని బ్యాంకులను ఆదేశించింది. స్థిరమైన రేటుపై ఇచ్చిన అప్పులు ఆ ఆదేశం పరిధిలోకి రాలేదు. కారు అప్పులలో అనేకం స్థిరమైన రేటువే కనుక, పత్రంపై సంతకానికి ముందే ఆ షరతును చదువుకొనుట మేలు.

ఆధునిక ధర్మవేత్తల తీర్మానం

బ్యాంకు కారును తాను కొని, లాభం చేర్చి, వాయిదాలపై తిరిగి అమ్మే మురాబహా పద్ధతి వ్యాపించిన తరువాత, ఇబ్ను ఆబిదీన్ ఉదాహరణ మళ్ళీ జీవం పోసుకొన్నది. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ 1992 మే నెలలో జరిగిన ఏడవ సమావేశంలో ఈ విషయాన్ని పరిశీలించింది. తొందరగా చెల్లించినందుకు బాకీలో కొంత తగ్గించుట, అది రుణదాత కోరినను రుణగ్రస్తుడు కోరినను, ధర్మసమ్మతమేనని తీర్మానించింది. కాని రెండు హద్దులు పెట్టింది. ముందుగా చేసుకొన్న ఒప్పందం ఉండరాదు. మూడవవాడు మధ్యలో ప్రవేశించరాదు, ప్రవేశిస్తే అది హుండీని తగ్గింపు ధరకు మార్చుకొనుట వంటిదగును.

ఈ తీర్మానం రెండు పురాతన పక్షాలకూ స్థానమిచ్చింది. తగ్గింపును హలాల్ అనుటలో ఇబ్ను అబ్బాస్ (రజి) పక్షం, షరతును వారించుటలో జైద్ బిన్ సాబిత్ (రజి) పక్షం నిలిచాయి. అయితే ఆచరణలో ఒక లోటు బయటపడింది. తగ్గింపు రుణదాత ఇష్టానికే వదలితే, బలహీనుడైన కొనుగోలుదారు ఐదేళ్ళ లాభాన్ని రెండేళ్ళకే చెల్లించవలసి రావచ్చును. అప్పుడు వడ్డీ అప్పు తీసుకొన్న పొరుగువానికన్న అతని స్థితి హీనమవుతుంది. మలేషియాలో ఇటువంటి వివాదాలు న్యాయస్థానాలకు ఎక్కాయి. పర్యవసానంగా ఆ దేశపు కేంద్రబ్యాంకు, తన షరీఅత్ సలహామండలి నిర్ణయాన్ని అనుసరించి, అమ్మకపు ఒప్పందాలలో ముందుగా తీర్చినవారికి ఇబ్రా, అనగా మాఫీ, తప్పక ఇవ్వవలెనని 2011 నుండి విధించింది. మాఫీని ఒడంబడికలో బేరంగా కాక, పాలకుని ఆజ్ఞగా ఉంచుటచే పాత అభ్యంతరానికి సమాధానం దొరికిందని దాని సమర్థకులు భావిస్తారు. నిర్బంధంగా ఇచ్చేది మాఫీ ఎట్లగునని శంకించేవారూ ఉన్నారు.

ఈ చరిత్రనుబట్టి ఒక సంగతి తేటతెల్లమవుతున్నది. అప్పులో కాలం ఎవరిది అనే ప్రశ్నకు సమాధానం చెప్పకుండా ఏ లెక్కా పూర్తికాదు. 78 సూత్రం ఆ కాలాన్ని రుణదాతకు మొగ్గుచూపి పంచింది. నిల్వపై వడ్డీ పద్ధతి గడిచిన కాలానికి మాత్రమే వెల కడుతుంది, కాని వెల కట్టడం మానదు. మర్వాన్ ఎదుట నిలిచిన ముకాతబ్ మాత్రం తన ధనమంతా ముందుగా తెచ్చి, ఒక్క దిర్హమ్ తగ్గించమని అడగలేదు. అతడు కోరినది బాకీ నుండి విముక్తి. దానిని ఒకరోజైనను ఆలస్యం చేసే హక్కు యజమానికి లేదని ఆనాటి మదీనా తీర్పు చెప్పింది. వాయిదా పత్రంలో తగ్గింపు ఎంత అని చూచుకొనుట వివేకమే. దానితోపాటు ముందుగా తీర్చే దారి తెరచియున్నదా, మూసియున్నదా అని కూడా చూచుకొనవలెనని ఆ తీర్పు జ్ఞాపకం చేస్తున్నది.